పెళ్లి పక్షం

ఆ ఏడాది ఈస్టర్‌కు, అంటే మా పాస్కా పండుగకు, ముందొచ్చే నలభై రోజుల తపస్సుకాలమంతా మా వంటింట్లో శుక్రవారాలు ఉప్పుచేప వాసన, మిగిలిన రోజులు ఆకుకూర చారు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ రెండూ కలిసి తగిలితే నా కళ్లముందుకు ముందుగా వచ్చేది నలభై ఏడు ప్రశ్నలున్న ఒక కాగితాల దొంతర. వంటింటి బల్ల మీద దాన్ని పరుచుకుని, మా అమ్మ మొదటి పెళ్లి అసలు జరగనే లేదని నేను నిరూపించబోయాను. ఆ పెళ్లికి పుట్టినదాన్ని నేను.

1985వ సంవత్సరం. నాకు ఇరవై ఏళ్లు. మసాచుసెట్స్‌లో మూతపడిన నూలుమిల్లుల ఊరు మాది. కొండ మీద ఉన్న చిన్న కథోలిక కాలేజీలో దైవశాస్త్రం, నీతిశాస్త్రం చదువుతున్నాను. మా వీధిలో ఆ చదువు ఎవరికీ అర్థమయ్యేది కాదు. మఠంలో చేరే ఉద్దేశం లేని ఆడపిల్ల దేవుడి గురించి పరీక్షలు రాయడమేమిటన్నది వాళ్ల సందేహం. నిజానికి నాకు దేవుడి కంటే వాదం ఇష్టం. ఒక వాక్యం మీద ఇంకో వాక్యం పేర్చి, చివరికి ఎవరూ కదిలించలేని చోట నిలబడటం ఇష్టం. ఆ ఇష్టాన్ని అప్పట్లో భక్తి అనుకునేదాన్ని.

వివాహ సంస్కారం గురించి ఫాదర్ డూలన్ పాఠం చెప్పేవారు. అరవై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ సుద్దముక్క దుమ్ముతో ఉండేవారు. గురువారాలు ఆయన క్లాసు ఉండేది కాదు. ఆ రోజు బిషప్‌గారి కోర్టుకు, మేత్రాసన న్యాయస్థానానికి, వెళ్లేవారు. అక్కడ ఆయన పదవి పేరు బంధ రక్షకుడు.

"అంటే ఏం చేస్తారు ఫాదర్?" అని ఎవరో అడిగారు.

"ఆ గదిలో భార్య పక్షం ఒకరుంటారు, భర్త పక్షం ఒకరుంటారు. సాధారణంగా ఇద్దరికీ ఒకటే కోరిక, వాళ్లది పెళ్లే కాదని తేల్చమని. నేను పెళ్లి పక్షం."

"గెలుస్తారా?"

"ఎక్కువసార్లు ఓడిపోతాను. అయినా భోజనం మానలేదు."

క్లాసంతా నవ్వింది. నేను రాసుకున్నాను.

మా ఇంటి సంగతి ఇది. మా నాన్న అమారో నాకు తొమ్మిదేళ్లప్పుడు కాలిఫోర్నియాలో పాడి పశువుల దగ్గర పని దొరికిందని వెళ్లి, అక్కడే ఇంకొకావిడతో ఉండిపోయాడు. మూడేళ్లకు అమ్మ ఆర్మాండ్‌ను పెళ్లి చేసుకుంది. ఆర్మాండ్ భార్య పోయినవాడు, స్కూలు బస్సు నడిపేవాడు. ఆ పెళ్లి నగర కార్యాలయంలో జరిగింది, ఎందుకంటే గుడి లెక్కలో అమ్మ ఇంకా అమారో భార్యే, ఆర్మాండ్‌తో కాపురం పాపమే. అందువల్ల వాళ్లిద్దరూ ప్రతి ఆదివారం పూజకు వెళ్లేవారు, అందరూ సత్ప్రసాదానికి, గుడి గురువు నాలుక మీద పెట్టే పల్చటి అప్పానికి, లేచినప్పుడు మాత్రం కూర్చుని ఉండేవారు. ఎనిమిదేళ్లుగా అంతే. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు, సెలెస్త్ మాట్లాడేదాకా.

సెలెస్త్ వాళ్లిద్దరి కూతురు. దానికి ఏడేళ్లు. మే నెల మొదటి శనివారం దాని తొలి సత్ప్రసాదం.

"అమ్మ ఒక పక్క, నాన్న ఒక పక్క నిలబడాలంట. ముగ్గురం ఒకేసారి తీసుకోవాలంట. టీచర్ చెప్పింది," అంది ఒక రాత్రి భోజనాల దగ్గర.

"చారు తాగు," అంది అమ్మ.

"మీరు తీసుకోరుగా మరి. మీకు ఇష్టం లేదా?"

ఆర్మాండ్ రొట్టెముక్కతో గిన్నె అంచు తుడుస్తూ ఉండిపోయాడు. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది, పొయ్యి మీద ఏమీ లేకపోయినా.

దాన్ని మాట మరిపించడానికే కాబోలు, ఆ రాత్రి గిన్నెలు తోముతూ అమ్మ తన పెళ్లి కథ చెప్పింది. మేం చాలాసార్లు విన్న కథే. అమ్మ పుట్టిన పోర్చుగీసు దీవుల్లో ఆ రోజుల్లో సగం పెళ్లిళ్లు అలాగే జరిగేవి. పెళ్లికొడుకు అమెరికాలో మిల్లులో ఉంటాడు, పెళ్లికూతురు సావో మిగెల్ దీవిలో ఉంటుంది. అతను తన బదులు ఫలానావాడు నిలబడతాడని కాగితం రాసి, గురువు ముందు సంతకం పెట్టి పంపుతాడు. ఆ ఫలానావాడు బలిపీఠం ముందు అతని తరఫున 'ఒప్పుకుంటున్నాను' అంటాడు.

"కాగితంలో ఉన్నది మీ పెదనాన్న జెర్మానో పేరు," అంది అమ్మ. "ఆయన తెల్లారకముందే చేపలకి పోయాడు, గాలి తిరిగింది, పడవ రాలేదు. గుడిలో జనం. తీపి రొట్టెలు కాల్చేసి పెట్టారు. మా అత్త ఏం చేసింది? మీ బాబాయి ఆద్రియానోని పట్టుకొచ్చి జెర్మానో కోటు తొడిగింది. చేతులు ఇంత పొడుగు. ఉంగరం తొడగాలంటే వేలు కనపడదు. గురువుగారికేమో చూపు ఆనదు. 'జెర్మానో, ఒప్పుకుంటున్నావా?' అంటే ఆద్రియానో, 'ఆఁ, ఒప్పుకుంటున్నాడు' అన్నాడు."

సెలెస్త్ పడీ పడీ నవ్వింది. నేను తుడుస్తున్న పళ్లెం అలాగే పట్టుకుని నిలబడిపోయాను. రెండు వారాల క్రితమే ఫాదర్ డూలన్ ఆ నియమం చెప్పారు. కాగితంలో పేరున్నవాడే స్వయంగా నిలబడాలి. అతను తన బదులు ఇంకొకణ్ణి నిలబెట్టడానికి వీల్లేదు. నిలబెడితే అది పెళ్లి కాదు.

మర్నాడు ఆయన గది తలుపు తట్టాను.

"ఒక ఉదాహరణ, ఫాదర్," అని మొదలుపెట్టి పేర్లు లేకుండా అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ ఉదాహరణ ఎక్కడుంటుంది?"

నేను ఆయన కళ్లజోడు వైపు చూశాను.

"సరే. ఇంకేమీ చెప్పకు. చెప్తే గురువారం నేను దానికి ఎదురు నిలబడాల్సి వస్తుంది." కాసేపు కిటికీలోంచి కరుగుతున్న మంచు వైపు చూశారు. "నువ్వు చెప్పింది నిజమైతే నా దగ్గర వాదనే లేదు. మనసులు తవ్వక్కర్లేదు, ఏడాది పట్టదు. మూడు నాలుగు వారాల్లో తేలిపోతుంది."

"అంటే తేలికే కదా?"

"తేలికే. నాకు తేలిక కేసులు ఎక్కువ తగల్లేదు. అందుకే కొంచెం భయం."

ఆ చివరి మాటను నేను పట్టించుకోలేదు. మేడ మెట్లు రెండేసి దూకుతూ దిగాను.

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ మొదట నవ్వింది. "జెర్మానో పడవ ఆలస్యమైతే నాకు పెళ్లి కాలేదంటావా, తీలియా?" అంది. తర్వాత నవ్వు ఆపి, "రోమ్‌లో ఉన్నవాళ్లకి ఇదంతా ఎవరు చెప్పారే?" అంది. తర్వాత నేను చెత్త పడేయడానికి వెళ్తే ఆర్మాండ్ నా వెనకే పెరట్లోకి వచ్చాడు.

"నిజంగా అవుతుందంటావా?"

"అవుతుంది. పాస్కా లోపు కాగితాలు పంపితే మే నెలకి తీర్పు వచ్చేస్తుంది. మీరిద్దరూ గుడిలో పెళ్లి చేసుకోవచ్చు."

"ఎనిమిదేళ్లయింది," అన్నాడు. "నోట్లో ఆ సత్ప్రసాదం రుచి ఎలా ఉంటుందో మర్చిపోయాను. రుచేం ఉండదనుకో. ఆ ఉండకపోవడమే మర్చిపోయాను."

ఆర్మాండ్ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

సాక్షి కావాలి. ఆద్రియానో బాబాయి మా ఊళ్లోనే మంగలి షాపు నడిపేవాడు. వెళ్లేసరికి ఒక ముసలాయనకు గడ్డం చేస్తున్నాడు.

"తపస్సుకాలానికి ఏం మానేశావ్ బాబాయ్?"

"మాట్లాడటం. ఇప్పుడు నువ్వొచ్చావుగా, గంగలో కలిసింది."

సంగతి చెప్పాను. కత్తి గాల్లోనే ఆగిపోయింది. కుర్చీలో ముసలాయన సబ్బు నురగలోంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అంటే ఆ కోటు నాది కాదు కాబట్టి పెళ్లి కూడా కాదా?"

"కోటు సంగతి కాదు. పేరు సంగతి."

"రిజిస్టరులో సంతకం కూడా జెర్మానో అనే పెట్టాను. అప్పట్లో నాకు జెర్మానో స్పెల్లింగ్ కూడా సరిగ్గా రాదు." కత్తి తువ్వాలుకు తుడిచాడు. "అది పాపమో కాదో తేలక ఇరవై రెండేళ్లుగా ఏ గురువుకీ చెప్పలేదు. మరి నీ సంగతేంటే? పెళ్లే కాకపోతే నువ్వెవరివి?"

"నాకేం కాదు. పెళ్లి అనుకుని కాపురం చేసినప్పుడు పుట్టిన పిల్లలు సక్రమ సంతానమే. నియమం ఉంది."

"ఓహో. కాగితం మీద బాగానే ఉన్నావన్నమాట."

కోపం వచ్చింది, కాని చూపించలేదు. బాబాయి మాత్రం వాంగ్మూలం రాసి ఇచ్చాడు. ఈసారి తన పేరు జాగ్రత్తగా, అక్షరం అక్షరం విడదీసి రాశాడు.

ఆ తర్వాత మూడు వారాలు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇది ఒప్పుకోవాలి. కాలేజీ నుంచి రాగానే న్యాయస్థానంవాళ్ల ప్రశ్నాపత్రం ముందు కూర్చునేదాన్ని. అమ్మ పోర్చుగీసులో చెప్పేది, నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. ఎక్కడ పుట్టారు, ఎలా పరిచయమయ్యారు, ఎవరు కుదిర్చారు. అమ్మ నోటి నుంచి నాన్న గురించి అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. నాన్నకు ఈలవేస్తూ మెట్లెక్కే అలవాటుందని నాకు అప్పుడే తెలిసింది. రాసుకున్నాను. ఆ మనిషి మమ్మల్ని వదిలి వెళ్లాడన్న మాటకు బదులు, ఆ మనిషి మావాడే కాడన్న మాట నా చేతిలో తయారవుతోంది. నేను సంతోషించింది అమ్మ కోసమా, దీనికోసమా అని అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. జవాబు నాకు నచ్చదు.

ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర ఆగాం. ఆ కార్యం తర్వాత ఎప్పుడైనా, ఎక్కడైనా, గురువు ఎదుట మీరిద్దరూ మళ్లీ సమ్మతి తెలిపారా?

"తెలిపాంగా," అంది అమ్మ, బఠాణీలు వలుస్తూ.

"ఎప్పుడు?"

"నేను అమెరికాలో దిగిన రోజే. బోస్టన్ నుంచి బస్సులో తీసుకొచ్చాడు మీ నాన్న. సరాసరి ఇంటికి పోదామన్నాడు. నేను రానన్నాను. 'ఒప్పుకుంటున్నానని ఆద్రియానో మొహం చూసి చెప్పాను, నీ మొహం చూసి చెప్పకుండా నీ ఇంట్లో అడుగుపెట్టను' అన్నాను. గుడికి పోయాం. ఫాదర్ వియెరా అన్నానికి కూర్చోబోతున్నాడు. విసుక్కున్నాడు గానీ వచ్చాడు. చేతులు కలిపి, మాటలన్నీ చెప్పించాడు. ఆయనకి వండిపెట్టే ఆవిడా గంటలు కొట్టేవాడూ ఉన్నారు."

గురువు. ఇద్దరు సాక్షులు. ఎదురెదురుగా సమ్మతి. నా కలం ఆగిపోయింది. సావో మిగెల్‌లో జరగని పెళ్లి, నాలుగు నెలల తర్వాత మా వీధి చివరి గుడిలో జరిగింది.

మర్నాడు గుడి కార్యాలయానికి వెళ్లి 1964 మార్చి నెల రిజిస్టరు తిరగేశాను. అక్కడ ఏమీ రాసి లేదు. ఉత్త ఆశీర్వాదమే అనుకున్నాడేమో, ఫాదర్ వియెరా రాయలేదు. ఆయన పోయి పదేళ్లయింది. వండిపెట్టే ఆవిడ పోయింది, గంటలు కొట్టే మనిషీ పోయాడు.

ఆ నెలలోనే ఫాదర్ డూలన్ నీతిశాస్త్రం క్లాసులో పాతకాలపు వివాదం ఒకటి చెప్పారు. నోటితో నిజమే చెప్పి, మిగిలిన నిజాన్ని మనసులో అట్టే పెట్టుకోవచ్చునా? కొందరు పండితులు కొన్ని సందర్భాల్లో పెట్టుకోవచ్చన్నారు. దాని మీద నేను పన్నెండు పేజీల వ్యాసం రాశాను, బాగా వచ్చింది. ముప్పై ఒకటో ప్రశ్న కింద రాసింది మాత్రం ఒకటే వాక్యం: అటువంటి కార్యం జరిగినట్టు గుడి రిజిస్టరులో ఎక్కడా లేదు.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. చాలాసార్లు చదువుకున్నాను. ఎటు తోసినా కదలడం లేదు.

పాస్కాకు ముందు పవిత్ర వారంలో, బుధవారం సాయంత్రం, సంతకానికి కూర్చున్నాం. సెలెస్త్ పక్కింటికి ఆడుకోవడానికి వెళ్లింది. ఆర్మాండ్ యూనిఫాం కూడా విప్పకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మ చేతులు ఒకటికి రెండుసార్లు తుడుచుకుని కలం అందుకుంది.

"చదువు. మన మాటల్లో," అంది.

"నలభై ఏడూనా? నువ్వు చెప్పినవేగా అమ్మా."

"సంతకం నాదిగా. చదువు."

చదివాను. అమ్మ తలూపుతూ వింది. ఈల దగ్గర చిన్నగా నవ్వింది. ముప్పై ఒకటి కొంచెం వేగంగా చదివి ముప్పై రెండులోకి వెళ్లిపోయాను.

"ఆగు. వెనక్కి పో."

మళ్లీ చదివాను.

"ప్రశ్నేమిటి?"

"గురువు ముందు మళ్లీ సమ్మతి తెలిపారా అని."

"రిజిస్టరులో ఉందా అని అడిగారా?"

"లేదు."

"మరి రిజిస్టరు గొడవ మనకెందుకే?"

"అమ్మా, ఇందులో అబద్ధం ఏమీ లేదు."

"అబద్ధమని నేను అన్నానా?" ఆమె గొంతు పెరగలేదు. "జరిగిందా అని అడిగారు. జరిగింది. అది రాయి."

"అది రాస్తే అయిపోయినట్టే. వాళ్లు ఆ పెళ్లే నిలబెడతారు. మే నెల ఉండదు. ఏ నెలా ఉండదు."

"అర్థమైంది. నేను మొద్దుదాన్ని కాదు." కలం కాగితం పక్కన పెట్టింది. "ఆరోజు మీ నాన్న నా ముందు నిలబడ్డాడు. వేరే ఎవరూ కాదు. తర్వాత ఏం చేశాడో చేశాడు. నిలబడలేదని నేను చెప్పలేను తీలియా. నేను చూశాను."

నేను ఆర్మాండ్ వైపు తిరిగాను. ఆయన ఏమైనా అంటాడని, అనాలని. ఆయన బల్లమీది గీత ఒకదాన్ని బొటనవేలితో రుద్దుతున్నాడు.

"వివరంగా రాయమన్నారు కదా," అన్నాడు చివరికి. "ఆరోజు ఆయన ఏం వేసుకున్నాడో అడుగు."

అమ్మ ఆయన వైపు చూసింది.

"మిల్లు బట్టలే. పని మధ్యలో వచ్చాడు. జుట్టు నిండా దూది. నా చెయ్యి పట్టుకున్నప్పుడు ఏడ్చాడు."

"కన్నీళ్లు పెట్టుకున్నాడని రాయనా?" అన్నాను.

"ఏడ్చాడనే రాయి. ఏడ్చాడుగా."

నా వాక్యాన్ని కొట్టేసి పైన రాశాను. చోటు చాలక అంచు మీదికి వెళ్లింది. అమ్మ సంతకం చేసింది. ఆర్మాండ్ లేచి దీపం వేశాడు. అప్పటికే చీకటి పడిందని మాకెవరికీ తెలియలేదు.

పాస్కా అయ్యాక రెండో వారంలో ఫాదర్ డూలన్ వరండాలో నన్ను ఆపారు.

"ఒక ఫైలు వచ్చింది. పేరు చూసి ఇంకొకాయనకు ఇచ్చేశాను. ఇంతకంటే నేను చెప్పకూడదు గానీ, ఆయన ఒక మాటన్నాడు. బంధం తరఫున రాయడానికి తనకేమీ మిగల్లేదట. ఆ తల్లే రాసేసిందట." సుద్ద దుమ్ము దులుపుకున్నారు. "దాని మీద ఇంకా వాదించొచ్చు. ముందే పెళ్లయిందనుకుంటూ రెండోసారి చెప్పిన సమ్మతి కొత్త సమ్మతి అవుతుందా అని. మంచి న్యాయవాది ఉంటే ఏడాదో రెండేళ్లో లాగుతాడు. అడిగి చూడు."

"అడిగాను ఫాదర్. 'ఆరోజు ఏమంటున్నానో తెలిసే అన్నాను, తెలియక అన్నానని ఎవరితోనూ చెప్పించొద్దు' అంది అమ్మ."

ఆయన నా వ్యాసం తిరిగి ఇచ్చారు. దాని మీద అన్నిటికంటే పై మార్కు ఉంది. ఆ మార్కును ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

మే నెల మొదటి శనివారం గుడి నిండిపోయింది. తెల్లగౌన్లు, తెల్లచొక్కాలు. పిల్లలకు చెరోపక్క అమ్మానాన్నలు లేచి నడిచారు. సెలెస్త్‌కు ఒక పక్క నేను, ఇంకో పక్క ఆద్రియానో బాబాయి. ఆయన కోటు ఆయన కొలతకే కుట్టించినది. నేను నోరు తెరిచి తీసుకున్నాను. అమ్మకు దక్కనిది నాకు ఎందుకు దక్కిందో, ఆ ఒక్క వాక్యం సంగతి గురువు దగ్గర పాపసంకీర్తనంలో ఒప్పుకున్నాక కూడా, నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

వెనక్కి వచ్చేసరికి అమ్మ, ఆర్మాండ్ మోకాళ్ల మీద ఉన్నారు. సెలెస్త్ వాళ్లిద్దరి మధ్య దూరింది. పెదాలు గట్టిగా బిగించుకుంది, ఏదో ఒలికిపోతుందన్నట్టు. అమ్మ దాని మొహంలోకి వంగి, చాలా మెల్లగా అడిగింది.

"ఏదీ, చూపించు."

సెలెస్త్ నోరు తెరిచింది. చిన్న నాలుక, ముందు పళ్లు రెండు ఊడిన ఖాళీ.

"అయిపోయిందమ్మా," అంది, తప్పు చేసినట్టు.

"అయిపోలేదులే," అంది అమ్మ. ఆర్మాండ్ కూడా వంగి చూశాడు.